రొడెల్ ఉన్నాడా?

మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పెట్టె భోజనాల బల్ల మీదే ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

మునగాకు వేసిన చేపల పులుసు చల్లారిపోయింది. అన్నం గిన్నె మీద మూత మాలో ఎవరూ తియ్యలేదు. బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. ఐదో కుర్చీ ముందు మా బావమరిది రొడెల్ కంచం ఉంది. ముప్ఫయ్యేడు రోజులుగా మా అత్తయ్య ప్రతి పూటా ఆ కంచంలో ముందు వడ్డించి, ఆ తర్వాతే మా వైపు చూస్తోంది. పోయినవాడు నలభై రోజుల దాకా ఇంట్లోనే తిరుగుతుంటాడని మా తాలిసాయ్‌లో అందరూ అనుకునేదే. మా అత్తయ్య ఇంకో అడుగు ముందుకేసి, తిరిగేవాడికి ఆకలి కూడా వేస్తుందంటుంది.

రొడెల్ భార్య మైలీన్ చేతిలో కార్డు ఉంది. మూడు నెలల పసిపిల్ల ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. పెట్టెలో వచ్చిన ఉన్ని టోపీని ఆమె తన మోకాలికి తొడిగి కూర్చుంది. మా సెబూ దీవి ఎండల్లో ఉన్ని టోపీ పంపారు మహానుభావులు. మెల్‌బోర్న్‌లో ఇప్పుడు చలికాలం మరి, పిల్లలందరికీ చలేస్తుందనుకున్నారు.

"ఇంకోసారి చదవనా వదినా?" అంది మైలీన్.

"వద్దు," అంది మా ఆవిడ జోవెలిన్.

"చదువుతాను, విను. 'ప్రియమైన రొడెల్, గురువారం మీటింగులో నీ గొంతు విన్నాక మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. నువ్వుండబట్టి గండం గట్టెక్కాం. నీ చిన్నారికి మా అందరి తరఫునా చిన్న కానుక. ప్రేమతో, లినెట్.'" మైలీన్ కార్డు మడిచింది. "ఏ గురువారం వదినా?"

మా ఆవిడ ఇంటి కింది అంతస్తులోనే కంపెనీ పెట్టి పద్నాలుగు మందికి ఉద్యోగాలిచ్చిన మనిషి. మీకు ఎలాంటి కంప్యూటర్ మనిషి కావాలన్నా సరే, రెండు రోజుల్లో మీ ముందుంటాడని గంటసేపు ఇంగ్లీషులో చెప్పి పరాయి దేశాలవాళ్ళని నమ్మించగల మనిషి. అలాంటిది ఉప్పుడబ్బా మూత తిప్పుతూ కూర్చుంది.

"మొన్న గురువారం," అన్నాడు ఎల్మర్.

"నిన్ను అడగలేదు."

"మాట్లాడింది నేనే వదినా."

ఎల్మర్ మా ఆవిడ పిన్ని కొడుకు. ముప్ఫయ్యొక్క ఏళ్ళొచ్చాయి, పని మొత్తం రొడెల్ దగ్గరే నేర్చుకున్నాడు. గొంతు కూడా అచ్చం రొడెల్‌దే. ఫోనులో అయితే కన్నతల్లే ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయేది. ఆ గొంతే ఇప్పుడు కొంపముంచింది.

"నువ్వు ఎవరి పేరుతో మాట్లాడావు?" అంది మైలీన్.

ఎల్మర్ తల దించుకున్నాడు. కంచంలో ఎండుచేప ముక్కని వేలితో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు జరిపాడు.

"మొన్న గురువారానికి ఆయన్ని అక్కడ పెట్టి వచ్చి ఇరవై నాలుగు రోజులు," అంది మైలీన్. "ఇరవై నాలుగు రోజుల తర్వాత ఆయన మీటింగులో మాట్లాడాడు. నేను పైన పిల్లకి పాలిస్తూ ఉన్నాను. ఆయన కింద గదిలో మాట్లాడుతున్నాడు. నాకు ఒక్కరూ చెప్పలేదు."

ఆమె గొంతు పెరగలేదు. అరిస్తే నయమనిపించింది నాకు. అరిచే మనిషికి ఏదో ఒకటి సర్దిచెప్పొచ్చు.

ఇంకొక సంగతి కూడా నేను గమనిస్తూనే ఉన్నాను. ఈ ముప్ఫయ్యేడు రోజుల్లో మైలీన్ 'చనిపోయాడు' అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. 'ఆయన వెళ్ళాక' అంటుంది, సమాధి చేశాక అనకుండా 'అక్కడ పెట్టి వచ్చాక' అంటుంది. చర్చిలో ఫాదరు పేరు రాసుకుంటూ ఎప్పుడు పోయారమ్మా అని అడిగితే నా వైపు చూసింది. తారీకు నేనే చెప్పాను.

"కెమెరా?" అంది మైలీన్. "వాళ్ళు మొహం చూడరా?"

"రొడెల్ ఎప్పుడూ కెమెరా పెట్టేవాడు కాదుగా," అంది జోవెలిన్. మాట బయటికొచ్చాక నాలుక కరుచుకుంది.

"ఎంత కలిసొచ్చింది," అంది మైలీన్.

అది నిజమే. మా నెట్ లైను బలం తక్కువ, వానొస్తే బొమ్మ బిగుసుకుపోతుంది. అందుకని రొడెల్ మూడేళ్ళుగా కెమెరా మూసేసే మాట్లాడేవాడు. మొదట్లో ఉద్యోగానికి ప్రశ్నలడిగినప్పుడు చూశారు వాళ్ళు అతని మొహాన్ని, ఆ తర్వాత గొంతే. ఆసుపత్రుల్లో రోగులకి డాక్టరు టైము ఇచ్చే సాఫ్ట్‌వేర్ లినెట్ వాళ్ళ కంపెనీది. దాన్ని నడిపేది మా పద్నాలుగు మందిలో పదకొండు మంది, ఆ పదకొండు మందికీ పెద్ద రొడెల్. ఒప్పందం కాగితంలో మిగతావాళ్ళెవరి పేర్లూ లేవు, అతని పేరు ఒక్కటే ఉంది. అతనికి ఏదైనా అయితే వారంలోగా చెప్పాలనీ రాసి ఉంది.

అప్పుడు వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది. చేతిలో మామిడిపండు ముక్కలు. ముందు రొడెల్ కంచంలో రెండు పెట్టింది, మిగతావి బల్ల మధ్యలో పెట్టింది.

"పొద్దున ఎనిమిదింటికి వాణ్ణి పిలిచేది ఎవరే?" అంది కూతురితో.

జోవెలిన్ ఉప్పుడబ్బా కింద పెట్టేసింది.

"నీకు వినిపిస్తోందా అమ్మా?" అంది జోవెలిన్.

"మీ గది నా మంచం కిందేగా. నాకు మోకాళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. ఒక ఆడమనిషి నవ్వుతూ గుడ్ మార్నింగ్ రొడెల్ అంటుంది. వీడు పలుకుతాడు." ఎల్మర్ వైపు చూసింది. కోపంగా కాదు. "మొదట్లో నాకూ బాగానే ఉండేది. ఎవరో పిలుస్తున్నారు, నా కొడుకు పలుకుతున్నాడు అనుకుని పడుకుని వినేదాన్ని. ఎనిమిదెప్పుడవుతుందా అని చూసేదాన్ని. పదిరోజుల నుంచి భయమేస్తోంది."

"భయమెందుకు అత్తయ్యా?" అన్నాను.

"శనివారం నలభై నిండుతాయి, వాడు వెళ్ళాలి కదయ్యా. రోజూ పనికి పిలుస్తుంటే ఎట్లా వెళ్తాడు? పిలిస్తే పలక్కుండా ఉండటం చేతకాదు వాడికి. చిన్నప్పుడు కూడా అంతే, నిద్రలో పిలిచినా లేచి వచ్చేవాడు."

"ఒక్కసారి లేవలేదు అత్తయ్యా," అంది మైలీన్.

రాత్రి అన్నం తిని పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. ముప్ఫై నాలుగేళ్ళు. పనికి టైమవుతోంది లేవమని పిలిచింది మైలీనే. మూడుసార్లు పిలిచానని చెప్పింది నాకు, ఆ రోజు.

అత్తయ్య కోడలి తల మీద చెయ్యి వేసింది. "శనివారం లోగా ఆ పేరు వదిలిపెట్టండి," అంది కూతురితో. "నాకు వ్యాపారాలు తెలియవు. నా బిడ్డ పేరు నాకిచ్చెయ్యి."

"రెండింటికి లినెట్‌తో మీటింగుంది," అంది జోవెలిన్. "చెప్పేస్తాను."

"ఏమని?" అంది మైలీన్.

"ఉన్నదే."

"నా ముందు చెప్పు. నేను పక్కన కూర్చుంటాను."

"కూర్చో."

అత్తయ్య నా వైపు తిరిగింది. "బెర్నా, ఫ్లెక్సీ ఎప్పుడొస్తుంది?"

"మధ్యాహ్నం తెస్తానన్నాడు అత్తయ్యా."

"పెద్దదేనా? మొన్న ఎదురింటివాళ్ళు కట్టింది రుమాలంత ఉంది."

"పెద్దదే."

నలభయ్యో రోజు ప్రార్థనకి ఫ్లెక్సీ కట్టకపోతే మా వీధిలో అది ప్రార్థనే కాదు. ఆరడుగులది చెప్పి వచ్చాను. ఈ ఇంట్లో ఇలాంటి పనులన్నీ నావే. జనాన్ని ఎక్కించుకుని తిప్పే నా జీప్నీ బండి అమ్మి కంపెనీకి జనరేటరు కొన్నప్పటి నుంచీ, కరెంటు పోతే దాన్ని నడిపేది నేను, వంటకి చేపలు తెచ్చేది నేను, ఫ్లెక్సీలకి తిరిగేది నేను. ఇల్లరికం వచ్చినవాడి అభిప్రాయం ఎవడిక్కావాలి?

జోవెలిన్ లేచి పెరట్లోకి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. బట్టలుతికే గట్టు మీద కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

"నువ్వు చెప్పలేవు," అన్నాను.

"చెప్తానన్నానుగా."

"పదిహేనేళ్ళ నుంచి చూస్తున్నాను నిన్ను. మా అమ్మ వంట బాగాలేదని కూడా ఇంతవరకూ చెప్పలేకపోయావు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మొదటిరోజే చెప్పి ఉంటే పూలు పంపేవాళ్ళు," అన్నాను. "నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్ళు. ఎల్మర్‌ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, సరే నువ్వే చూసుకో నాయనా అనేవాళ్ళు. అంతే అయ్యేది."

"ఇప్పుడు చెప్తావు. అప్పుడు నీ నోరేమైంది?"

"నాకు ఇంగ్లీషు రాదు."

"నాతో చెప్పడానికి ఇంగ్లీషెందుకు?"

తొమ్మిదిరోజుల ప్రార్థనలు అయ్యాక చెప్దామంది. అయ్యాయి. నెలాఖరు పని అయ్యాక అంది. అదీ అయింది. నేను ప్రతిసారీ తలూపాను. పెళ్ళాం మాటకి తలూపడమే సుఖమని అలవాటు పడ్డ తల ఇది.

"నీకు అర్థం కావట్లేదు బెర్నా," అంది. "వాళ్ళు నా దగ్గర కొనేది ఒక్కటే. ఫలానా మనిషి ఫలానా కుర్చీలో ఉన్నాడు అనే నా మాట. వాళ్ళు ఎప్పుడూ వచ్చి చూడరు. చూడక్కర్లేదనే నా దగ్గర కొంటున్నారు. రొడెల్ లేడు, నెల్లాళ్ళుగా ఇంకొకడు పలుకుతున్నాడు అని తెలిసిన మర్నాడు, మిగతావాళ్ళు అసలున్నారా అని అడుగుతారు. అడిగితే తప్పా చెప్పు?"

"తప్పు కాదు."

"నేనైనా అడుగుతాను. వాళ్ళని ఆపేస్తాను. ఒక్క వారంలో పదకొండు కుర్చీలు ఖాళీ. వాళ్ళ మొహాలు ఎలా చూడను? గ్లెండా బ్యాంకు ఉద్యోగం మానుకుని వచ్చింది నన్ను నమ్మి. రొడెల్ చెప్పాడని వచ్చింది."

గోడ పక్కన ఎల్మర్ నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాం. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"తప్పు నాది అక్కా," అన్నాడు. "నా పేరు చెప్పు. వాడే చేశాడు, మాకు తెలియదు అని చెప్పు. నన్ను తీసేశానని చెప్పు."

"నోరు మూసుకో."

"బావా, నువ్వు విను." నా వైపు తిరిగాడు. "మూడో రోజు. అన్నయ్య ఇంకా పైన హాల్లోనే ఉన్నాడు, శవపెట్టెలో. జాగారానికి వచ్చిన జనం పేకాడుతున్నారు, కాఫీలు తిరుగుతున్నాయి. ఫైళ్ళు తీసిపెడదామని కిందికొచ్చి అన్నయ్య కంప్యూటర్ తెరిచాను. తెరవగానే లినెట్ మెసేజ్. 'రొడెల్, ఉన్నావా? అంతా ఆగిపోయింది' అని. లేడు అని టైపు చేశాను బావా. ఒట్టు. చనిపోయారు మేడమ్ అని రాశాను. చూసుకుంటే చాలా మొరటుగా అనిపించింది. ఆవిడ కంగారులో ఉంది, రోగులు వరసల్లో నిలబడ్డారంటోంది, ఆ టైములో ఆ కబురు ఎలా పంపను? చెరిపేశాను. ఉన్నాను మేడమ్ అని కొట్టాను. ముందు పని చేసిపెట్టి తర్వాత చెప్దామనుకున్నాను. గంటలో బాగుచేశాను. 'నువ్వు దేవుడివి రొడెల్' అని రాసింది. ఇంక దాని కింద ఏం రాయను?"

మా వాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎదుటివాడి మొహం మాడిపోయే మాట చెప్పలేం. దారి అడిగితే తెలియదని చెప్పలేక తప్పు దారైనా చూపించే మనుషులం. ఎల్మర్ చేసింది ఏ ఇంట్లోవాడైనా చేసేవాడేననిపించింది. నేనైనా అంతే చేసేవాణ్ణి.

"రెండవుతోంది," అంది జోవెలిన్. లేచి మొహం కడుక్కుంది.

కింద హాలు మామూలుగా రెండింటికి సందడిగా ఉంటుంది. ఆ రోజు పద్నాలుగు బల్లల దగ్గరా చప్పుడు లేదు. అందరికీ తెలిసిపోయింది. గ్లెండా హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మిగతావాళ్ళు ఏదో పని ఉన్నట్టు తెరల వైపు చూస్తున్నారు. ఎవరి వేళ్ళూ కదలడం లేదు.

మూల గదిలో జోవెలిన్ కూర్చుంది, పక్కన పిల్లనెత్తుకుని మైలీన్. తలుపు తెరిచే ఉంచమంది మైలీన్. నేనూ ఎల్మర్‌ గుమ్మంలో నిలబడ్డాం. కెమెరా ఎప్పట్లాగే మూసి ఉంది. తెర మీద లినెట్ ఒక్కతే కనిపిస్తోంది. యాభై దాటిన మనిషి, తెల్లగా మెరిసిన జుట్టు, మెడలో శాలువా. ఈ మనిషి మొహం నేను చూడటం అదే మొదలు. మంచి మొహం. అది నాకేం నచ్చలేదు. చెడ్డ మనిషైతే పని తేలికయ్యేది.

వాళ్ళు ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. ముక్క ముక్కా ఎల్మర్ నా చెవిలో చెబుతూనే ఉన్నాడు.

"జోవెలిన్, పెట్టె అందిందా?"

"అందింది మేడమ్. చాలా థాంక్స్. మీకు ఎందుకు శ్రమ?"

"శ్రమ కాదు, నేనే అల్లాను ఆ టోపీ."

మైలీన్ చెయ్యి టోపీ మీద ఆగింది.

"అక్కడ వానలా?" అంది లినెట్.

"అవును మేడమ్, వానలే." బయట ఎండ మండిపోతోంది. "మేడమ్, మీకొక విషయం చెప్పాలి."

"చెప్పు."

జోవెలిన్ నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది. మళ్ళీ ఎత్తింది.

"నెలాఖరు రిపోర్టు శుక్రవారం పంపిస్తాం," అంది.

గుమ్మంలో ఎల్మర్ కళ్ళు మూసుకున్నాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. చెప్పలేకపోతుందని ముందే తెలుసు నాకు. తెలిసినా ఏదో ఆశ.

మైలీన్ పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. వెళ్ళి జోవెలిన్ కుర్చీ పక్కన నిలబడింది. "లే వదినా," అంది మా భాషలో. "నేను చెప్తాను."

జోవెలిన్ లేచింది. కుర్చీ ఆమె వైపు జరిపింది.

"హలో మేడమ్," అంది మైలీన్. "నేను మైలీన్ కబాహుగ్. రొడెల్ భార్యని."

"మైలీన్! ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నాను నీతో మాట్లాడాలని. పాప ఎలా ఉంది? టోపీ సరిపోయిందా?"

"సరిపోయింది మేడమ్."

అంత పెద్ద టోపీ, పిల్లకి ఇంకో ఏడాదికి గానీ సరిపోదు.

"రొడెల్ ఎప్పుడూ నీ గురించే చెప్పేవాడు. ఈ మధ్య కొంచెం మాటలు తగ్గించాడు, పసిపిల్లతో నిద్ర ఉండదు కదా అనుకున్నాను. మీ ఆయన చాలా మంచివాడమ్మా. తెలుసుగా నీకు?"

"తెలుసు మేడమ్," అంది మైలీన్.

ఆమె వీపు ఒక్కటే కనిపిస్తోంది నాకు. బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుంది. హాల్లో అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. ఒక్కరు కూడా వద్దని సైగ చెయ్యలేదు. గ్లెండా ఏడుస్తోంది, అయినా వద్దని అనలేదు. అది ఆ పిల్ల మంచితనం.

"మేడమ్," అంది మైలీన్. "నేను మీకు... రొడెల్ గురించి..."

"ఆఁ, అడుగుదామనుకుంటున్నాను. రొడెల్ ఉన్నాడా అక్కడ?"

చెప్పడానికి ఇంతకంటే తేలికైన చోటు దొరకదు. ఒక్క మాట చాలు. లేడు. నేను గుమ్మంలో పిల్లని పట్టుకుని లేడు, లేడు అని లోపల అనుకుంటూనే ఉన్నాను, ఆమెకి అందిద్దామన్నట్టు.

మైలీన్ నోరు తెరిచింది. ముప్ఫయ్యేడు రోజులుగా ఎవరితోనూ అనని మాట. ఫాదరుతో అనలేదు, అత్తయ్యతో అనలేదు, పక్క మీద ఖాళీని చూసి తనలో తానైనా అనుకుందో లేదో. ఆ మాటని మొట్టమొదటిసారి పరాయి భాషలో, టోపీ అల్లిన పెద్దావిడతో అనాలి.

"ఉన్నాడు మేడమ్," అంది.

ఎల్మర్ ఆ మాట నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు.

అత్తయ్య లెక్క ప్రకారం అది అబద్ధం కూడా కాదు. ఇంకా మూడు రోజులు ఇంట్లోనే ఉంటాడు.

"మంచిది, అయితే వింటున్నాడుగా," అంది లినెట్. నవ్వు ఆపుకుంటోంది. "ఆశ్చర్యపరుద్దామనుకున్నాం గానీ నా వల్ల కావట్లేదు. రొడెల్, శనివారం మేం వస్తున్నాం. నేనూ మా ఆయనా. సెబూలో దిగి నేరుగా మీ ఇంటికే. పదకొండింటికల్లా ఉంటాం. మూడేళ్ళయింది, ఒక్కసారైనా నీ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాలి కదా. వంట ఏమీ పెట్టుకోవద్దమ్మా మైలీన్, మీరేం తింటే అదే."

శనివారం పదింటికి ప్రార్థన. పదకొండింటికి భోజనాలు. వీధి వీధంతా వస్తుంది.

"రండి మేడమ్," అంది మైలీన్. ఇంకేం అంటుంది?

తెర ఆరిపోయింది. మైలీన్ కుర్చీలోంచి లేవలేదు. జోవెలిన్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండానే వెనక్కి తీసుకుంది.

"నోటిదాకా వచ్చింది వదినా," అంది మైలీన్. "ఆవిడ ఉన్నాడా అనడగ్గానే... నన్ను ఎవరూ అలా అడగలేదు ఇన్నిరోజులూ. అందరూ పోయాడనే మాట్లాడారు నాతో. ఉన్నాడా అని ఎవరైనా అడిగితే ఎంత బాగుంటుందో నాకు ఇప్పటిదాకా తెలియదు."

జోవెలిన్ అప్పుడు ఏడ్చింది. తమ్ముడు పోయిన రోజు కూడా శవపెట్టె దగ్గర నిలబడి జనానికి కాఫీ లెక్క చూసిన మనిషి, బల్లని ఆనుకుని నేల మీదికి జారిపోయింది. నేను పిల్లని వదిలి ఆమెని పట్టుకోలేను, ఆమెని వదిలి పిల్లనైనా సరిగ్గా పట్టుకోలేను. గుమ్మంలో కొయ్యలా నిలబడ్డాను. అది నాకు బాగా అలవాటే.

గేటు దగ్గర బండి హారన్ మోగింది.

"రొడెల్ కబాహుగ్ గారి ఫ్లెక్సీ అండీ," అని కేకేశాడు ప్రింటింగ్ షాపువాడు. "ఎక్కడ కట్టమంటారు?"

పిల్లని గ్లెండాకిచ్చి బయటికి పరిగెత్తాను. వాడు అప్పటికే చుట్ట విప్పేశాడు. ఆరడుగుల రొడెల్ మా గేటు ముందు పడుకుని ఆకాశంలోకి నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాల్లో పుట్టిన తారీకు, పోయిన తారీకు, శనివారం పదింటికి ప్రార్థన అని. షాపువాడు పనిమంతుడే, ఒక్క అక్షరం తప్పు పోలేదు.

అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. కొడుకు మొహం మీద దుమ్ము పడిందని తన గౌను అంచుతో తుడిచింది.

"చెప్పేశారా?" అని నన్ను అడిగింది.

నేను ఫ్లెక్సీ అంచు సర్దాను.

"చెప్పలేదన్నమాట." ఆవిడ మొహం చిన్నబోయింది. కాసేపు కొడుకు బొమ్మనే చూస్తూ ఉంది. "గేటుకి కట్టు బెర్నా. దారిన వచ్చేవాళ్ళందరికీ కనపడాలి."

తాడు నా చేతిలో పెట్టింది. నేను గేటు ఊచకి ముడి వెయ్యబోయాను. అటువైపు తాడు బిగిసింది. చూస్తే జోవెలిన్. కళ్ళు తుడుచుకోకుండానే వచ్చేసింది, రెండో కొస పట్టుకుని నిలబడింది.

"లోపల కట్టు," అంది. "పైన, ప్రార్థన గదిలో. ఆదివారం గేటుకి కడదాం. ఒక్కరోజు తర్వాత కడితే ఏమవుతుంది?"

"శనివారం దాటాక ఎవరికే ఫ్లెక్సీ?" అంది అత్తయ్య.

"అమ్మా, పదకొండు మంది."

"వాడొక్కడే నాకు."

ఇద్దరూ నన్ను చూశారు. ఈ ఇంట్లో పదిహేనేళ్ళకి నా అభిప్రాయం అడుగుతున్నారు. తాడు నేను వదల్లేదు, మా ఆవిడా వదల్లేదు. మా మధ్య రొడెల్ నేల మీద నుంచి సగం లేచి గాలికి ఊగుతున్నాడు.

మైలీన్ గేటు దాకా వచ్చింది. పోయిన తారీకు దగ్గర ఆగి, ఆ అంకెల మీద బొటనవేలు పెట్టి, చిన్నపిల్లలు అక్షరాలు దిద్దినట్టు ఒక్కొక్కటే దిద్దింది. పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు.

ఇంట్లోంచి ఎల్మర్ గుమ్మంలోకొచ్చాడు. రొడెల్ కంప్యూటర్ రెండు చేతుల మీద పెట్టుకుని తెచ్చాడు.

"లినెట్ మెసేజ్ పెట్టింది," అన్నాడు. "'రొడెల్, ఏం తెమ్మంటావు నీకు' అని."

మైలీన్ వేలు ఇంకా ఆ అంకెల మీదే ఉంది.

"నేను చదివానని అక్కడ ఆవిడకి కనపడిపోయింది వదినా," అన్నాడు ఎల్మర్. "ఎదురుచూస్తోంది. ఏం రాయను?"